పెద్దల సహాయక నివాసాలలో వైద్య సంరక్షణ: సిబ్బందికి శిక్షణ, కుటుంబానికి బాధ్యత

గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రానికి చేరువగా ఉన్న యానాం ప్రాంతపు గ్రామం దరియాలతిప్ప. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు భాగాలలో యానాం ఒకటి. దాని వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 55,626. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పరిపాలనా కేంద్రమైన పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, తమిళం మాట్లాడే నేలపై ఉన్నది. చదువు కొరకు, ఉద్యోగం కొరకు దరియాలతిప్ప, కనకాలపేట, కురసాంపేట వంటి ఊళ్ళ నుండి పుదుచ్చేరికి, చెన్నైకి, హైదరాబాదుకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఉన్నవి. ఊరిలో మిగిలిన తల్లికో తండ్రికో వయస్సు పైబడినప్పుడు వారిని నగరానికి తీసుకొని వస్తారు. భార్యాభర్తలు ఇద్దరూ పనికి వెళ్ళే ఇంటిలో పగలంతా చూచేవారు ఉండరు. అప్పుడు సహాయక నివాసం గురించి ఆలోచన మొదలవుతుంది.

గది గాలి వెలుతురులతో ఉన్నదా, భోజనం రుచిగా ఉన్నదా, నెలకు ఎంత రుసుము అనే ప్రశ్నలు అందరూ అడుగుతారు. అక్కడ పనిచేసే వారికి పెద్దల ఆరోగ్యం విషయంలో ఏమి నేర్పినారు అనే ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ పాఠం ఆ ప్రశ్న గురించినది.

1. ఒక ఉదాహరణ

దరియాలతిప్ప నుండి వచ్చిన ఒక పెద్దావిడ తమిళ నగరంలోని ఒక నివాసంలో ఉన్నదని అనుకొందాము. వయస్సు 74. మధుమేహం, రక్తపోటు ఉన్నవి. ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలకు ఆమె పరిచారికను పిలిచి, "గ్యాసు పట్టిందమ్మా, రొమ్ము బరువుగా ఉంది" అన్నది. పరిచారికకు తెలుగు రాదు. "గ్యాసు" అనే మాట ఒక్కటే అర్థమైనది. ఆమె ఒక మాత్ర ఇచ్చి, దుప్పటి కప్పి, దీపం ఆర్పి వెళ్ళినది.

అదే రాత్రి, అదే మాట, మరొక పరిచారిక విన్నదని అనుకొందాము. ఆమెకూ తెలుగు రాదు. అయితే మధుమేహం ఉన్న వృద్ధులలో గుండెపోటు తీవ్రమైన నొప్పితోనే రానవసరం లేదని ఆమెకు నేర్పి ఉన్నారు. చెమట, ఆయాసం, వికారం, ఛాతీ బరువు మాత్రమే కనబడవచ్చునని, చాలామంది దానిని గ్యాసు అనుకొంటారని ఆమెకు తెలుసు. ఆమె దీపం ఆర్పలేదు. నుదుటిపై చేయి వేసి చెమటను చూచినది. నాడి, రక్తపోటు కొలిచినది. నర్సుకు చెప్పి 108కి ఫోను చేయించినది.

ఇద్దరు పరిచారికలూ దయగలవారే. మొదటామె దుప్పటి కప్పడం కూడ ప్రేమతోనే. వారిద్దరి మధ్య ఉన్న తేడా శిక్షణ.

2. సహాయక నివాసం అనగా ఏమి?

సహాయక నివాసం ఆసుపత్రి కాదు. స్నానం, దుస్తులు, భోజనం, నడక, మందులు వేసుకొనడం వంటి నిత్యకృత్యాలలో కొంత సహాయం అవసరమైన పెద్దలు తమ గదిలో తాము ఉంటూ, ఆ సహాయాన్ని పొందే చోటు అది. డాక్టరు వారానికి ఒకమారు రావచ్చు. నర్సు ఒక పూట ఉండవచ్చు. ఇరవై నాలుగు గంటలూ పెద్దల ప్రక్కన ఉండేవారు పరిచారకులు మాత్రమే. అందువలన పెద్దల శరీరంలో వచ్చిన మార్పును మొదట చూచేది వారే. రోగం పేరు చెప్పడం వారి పని కాదు. మార్పును గుర్తించడం, వ్రాయడం, వెంటనే చెప్పడం వారి పని. మంచి శిక్షణ ఏదైనా ఈ మూడు పనుల చుట్టూ అల్లుకొని ఉంటుంది.

3. చట్టం, ప్రమాణాలు

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. 60 సంవత్సరాలు నిండిన వారిని ఇది వయోవృద్ధులుగా పరిగణిస్తుంది. నిరుపేద వృద్ధుల కొరకు ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి చోటుండే వృద్ధాశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునని 19వ సెక్షన్ చెప్పుచున్నది. అటువంటి ఆశ్రమాల నిర్వహణ ప్రమాణాలలో వైద్య సంరక్షణకు అవసరమైన సేవలు కూడ చేరి ఉన్నవి. ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు సాధ్యమైనంత వరకు పడకలు, ప్రత్యేకమైన వరుసలు ఉండవలెనని 20వ సెక్షన్ చెప్పుచున్నది. తమ సంరక్షణలో ఉన్న పెద్దలను పూర్తిగా వదిలించుకొనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టిన వారికి మూడు నెలల వరకు జైలు గాని, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించే అవకాశం 24వ సెక్షన్‌లో ఉన్నది.

శిక్షణ గంటలను కొన్ని దేశాలు నిర్దిష్టంగా నిర్ణయించినవి. అమెరికాలో 1987 నాటి చట్టం నర్సింగ్ హోముల సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణను, ఆపై ఏటా 12 గంటల పునశ్చరణను విధించినది. అక్కడ కూడ సహాయక నివాసాల నియమాలు రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటవి. జపానులో సంరక్షణ వృత్తిలో ప్రవేశించేవారికి 130 గంటల ప్రాథమిక శిక్షణ ఉన్నది. ఇంగ్లండులో 2015లో పదిహేను ప్రమాణాలతో సంరక్షణ ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టినారు. మన దేశంలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖకు చెందిన జాతీయ సామాజిక రక్షణ సంస్థ, ఆరోగ్యరంగ నైపుణ్య మండలి వృద్ధుల సంరక్షకులకు శిక్షణ, ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. నివాసంలోని పరిచారకులలో ఎందరికి అటువంటి శిక్షణ ఉన్నదని కుటుంబ సభ్యులు అడుగవచ్చును. అడిగినందుకు నొచ్చుకొనే నివాసం గురించి మరొకమారు ఆలోచించుట మేలు.

4. సిబ్బందికి నేర్పవలసినవి

(అ) సహజస్థితిని తెలుసుకొనుట. మార్పు తెలియవలెనంటే మొదట మామూలు తెలియవలెను. ఫలానా తాతగారు రోజూ ఎంత తింటారు, ఎంత దూరం నడుస్తారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, వారి నాడి, రక్తపోటు సాధారణంగా ఎంత అనే వివరాలు చేరిన మొదటి వారంలోనే వ్రాసి పెట్టుకొనవలెను. పెద్దవారిలో వ్యాధులు పుస్తకంలో ఉన్నట్లు కనబడవు. ఊపిరితిత్తులకు చీము పట్టినా జ్వరం తగలకపోవచ్చు. వారి సహజ ఉష్ణోగ్రత కన్న రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగినా దానిని జ్వరంగానే చూడవలెను. గుండె జబ్బు ఉన్నవారి బరువు మూడు రోజులలో రెండు కిలోలకు మించి పెరిగితే, అది ఒంటికి నీరు పడుతున్న సూచన. "ముసలితనం, అంతే" అనే మాట శిక్షణ పొందినవారి నోట రాకూడదు.

(ఆ) మందులు. సరియైన మనిషికి, సరియైన మందు, సరియైన మోతాదులో, సరియైన వేళకు, సరియైన మార్గంలో ఇచ్చి, ఇచ్చిన వెంటనే పట్టికలో వ్రాయవలెను. ఇవ్వకముందే వ్రాయుట, పూట చివర అన్నిటినీ కలిపి వ్రాయుట తప్పు. ఒక పూట మందు మరచితే తరువాతి పూట రెండింతలు ఇవ్వరాదు. మింగలేకపోతున్నారని ప్రతి మాత్రనూ నూరి ఇవ్వరాదు. నెమ్మదిగా కరిగేటట్లు తయారు చేసిన మాత్రను నూరితే మందు అంతా ఒక్కమారుగా ఒంటిలో చేరుతుంది. ఊరి నుండి తెచ్చుకొన్న చూర్ణాలు, లేహ్యాలు, పసరులు ఉంటే వాటిని దాచనీయక, దూషించక, డాక్టరుకు చూపవలెను.

(ఇ) చక్కెర తగ్గుట. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్న తగ్గినచో ప్రమాదం. చెమట, వణుకు, ఆకలి, తడబాటు దాని సూచనలు. కొందరిలో మాట తడబడుట, చిరాకు మాత్రమే కనబడతవి. స్పృహలో ఉండి మింగగలిగిన వారికి మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత మరల పరీక్షించవలెను. స్పృహ లేనివారి నోటిలో ఏదీ పోయరాదు. వెంటనే అంబులెన్సును పిలువవలెను. ఉపవాసాలను కూడ ఇక్కడే నేర్పవలెను. ఏకాదశి, కార్తీక సోమవారం, శనివారపు ఒంటిపూట, రంజాను ఉపవాసం, శ్రమకాలపు నియమం ఏదైనా కావచ్చు. పెద్దావిడ పళ్ళెం ముట్టలేదు, ఇన్సులిన్ మాత్రం వేళకు పొడిచినారు అంటే, తెల్లవారేసరికి ఆమె లేవకపోవచ్చు. ఉపవాసదినాలను క్యాలెండరుపై ముందే గుర్తించి డాక్టరు సలహా తీసుకొనుట సిబ్బంది నేర్చుకొనవలసిన పద్ధతి.

(ఈ) పక్షవాతం. మూతి ఒక ప్రక్కకు పోవుట, ఒక చేయి లేవకపోవుట, మాట ముద్దగా వచ్చుట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా గడియారం చూచి వేళ వ్రాసుకొనవలెను. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. "చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అన్నది ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి. దానికి సమాధానం చెప్పగలిగేది పరిచారకులే.

(ఉ) పడుట, పుండ్లు, పొలమారుట. మంచం మీద నుండి ఒక్కసారిగా లేపరాదు. కూర్చోబెట్టి, కొంచెం ఆగి, ఆపై నిలబెట్టవలెను. రక్తం పలుచబడే మందు వాడేవారు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా డాక్టరుకు చూపవలెను. మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకు ఒకమారు ప్రక్కకు తిప్పవలెను. వీపు చివర, మడమల వద్ద ఎర్రదనం వ్రేలితో నొక్కినా తెల్లబడక నిలిచి ఉంటే పుండు మొదలైనట్లే. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్న తరువాత అర్ధగంట వరకు పడుకోబెట్టకుండ ఉండవలెను.

(ఊ) చేతుల శుభ్రత. మనిషిని ముట్టుకొనే ముందు, శుభ్రమైన పని చేసే ముందు, మలమూత్రాలు లేదా రక్తం తగిలే పని తరువాత, మనిషిని ముట్టుకొన్న తరువాత, వారి పరిసరాలను తాకిన తరువాత చేతులు కడుగుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు ప్రతి పరిచారకునికీ కంఠస్థం కావలెను.

5. బాధకు ఉన్న భాష

పై విషయాలన్నీ నేర్చుకొన్న తరువాత కూడ ఒక గోడ మిగులుతుంది. దరియాలతిప్ప పెద్దలు తమ బాధను చెప్పుకొనే భాష వేరు, నగరపు నివాసంలో పనిచేసేవారు వినే భాష వేరు. పేరుకు తెలుగు వచ్చినవారు కూడ గోదావరి ఒడ్డున పెరిగిన మామ్మ మాటలను అన్నివేళలా పట్టుకొనలేరు.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్నప్పుడు అది కంటి జబ్బు కాదు. లేచి నిలబడగానే ఆ మాట అంటే రక్తపోటు పడిపోవుచున్నదేమో చూడవలెను. మాటకు మాట అనువదించి కంటి డాక్టరు వద్దకు పంపితే అసలు కారణం అట్లే ఉండిపోతుంది.

తెలుగు, తమిళం దగ్గరి చుట్టాలు కావడం వలన వచ్చే పొరపాట్లు కూడ ఉన్నవి. తెలుగువారు "చలి వేస్తోంది" అంటే ఒళ్ళు వణకుచున్నదని అర్థం. దాదాపు అదే ధ్వనితో ఉండే తమిళ పదానికి కఫం, పడిశం అని అర్థం. ఒంటిలో చీము చేరి వణుకు పుట్టిన పెద్దావిడకు పడిశం మందు ఇచ్చి ఊరుకొనే ప్రమాదం ఇక్కడ ఉన్నది. "వాంతి" వంటి మాటలు మాత్రం రెండు భాషలలోనూ ఒకటే; అవి ఆదుకొంటవి.

సిబ్బంది గోడపై అతికించుకొనుటకు ఒక చిన్న పట్టిక:

• బైర్లు కమ్మినవి: కళ్ళ ముందు చీకటి వచ్చినది, స్పృహ తప్పవచ్చును. వెంటనే పడుకోబెట్టవలెను.
• శోష వచ్చింది: నీరసించి స్పృహ తప్పబోవుచున్నది. చక్కెర, రక్తపోటు చూడవలెను.
• ఆయాసం, ఎగపోత: ఊపిరి ఆడుట లేదు. కూర్చోబెట్టి ఆక్సిజన్ శాతం కొలవవలెను.
• తిమ్మిరి: రెండు పాదాలలో చాలాకాలంగా ఉంటే మధుమేహం వలన కావచ్చు. ఒకే ప్రక్క చేతికి, కాలికి హఠాత్తుగా వస్తే పక్షవాతం కావచ్చు.
• కాళ్ళకు నీరు పట్టింది: పాదాలు వాచినవి. గుండె, మూత్రపిండాల సంగతి చూడవలెను.
• ఒంటేలు మంట: మూత్రం పోసేటప్పుడు మంట. మూత్రపరీక్ష అవసరం.
• తీపులు, పోటు, సలుపు, మంట: నాలుగూ నొప్పులే, నాలుగూ వేరు. తీపులు ఒళ్ళంతా లాగినట్లు ఉండే నొప్పి; పోటు పొడిచినట్లు ఉండేది; సలుపు ఆగి ఆగి అదరుచు వచ్చేది, చీము పట్టిన చోట తరచుగా వినబడే మాట; మంట కాలినట్లు ఉండేది.

వీటన్నిటికన్న ముఖ్యమైన మాట "సంధి". జ్వరతీవ్రతలో మనిషి ఉన్నట్టుండి పొంతన లేని మాటలు ఆడుటను, ఎవరినీ గుర్తుపట్టకపోవుటను మన పెద్దలు సంధి అన్నారు. సంవత్సరాల తరబడి మెల్లగా వచ్చే మతిమరుపును సంధి అనలేదు. నేటి వైద్యం కూడ ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. గంటలలో, రోజులలో వచ్చిన కలవరపాటు వెనుక మూత్రంలో చీము, ఊపిరితిత్తుల జబ్బు, ఒంటిలో నీరు తగ్గుట, ఉప్పు తగ్గుట, కొత్తగా వేసిన మందు, మలబద్ధకం వంటి నయం చేయదగిన కారణం తరచుగా ఉంటుంది. నిన్నటి వరకు కోడలి పేరు చెప్పిన మామ్మ ఈ రోజు చెప్పలేకపోతే, అది చాదస్తం కాదు. అదే రోజు డాక్టరు చూడవలసిన జబ్బు. "సంధి పుట్టినట్టుంది" అని ప్రక్క మంచం పెద్దావిడ అన్న మాటను కూడ సిబ్బంది వినవలెను.

మరొక కష్టం మౌనం. పెద్దలు ఎవరికీ భారం కాకూడదని తలచి, "ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను" అంటారు. అందువలన "బాగున్నారా?" అని అడుగుట చాలదు. "మామ్మగారూ, రాత్రి ఎన్నిసార్లు లేచారు? ఈ మెట్టు ఎక్కితే ఆయాసం వస్తోందా? నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి" అని విడివిడిగా అడుగవలెను. మాట రానివారికి ముఖకవళికలు, మూలుగు, ఒక చోట ముట్టుకొనగానే చేయి లాగుకొనుట కూడ సమాధానాలే.

6. వ్రాయుట, చెప్పుట

చూచినది చూచినట్లు వ్రాయవలెను. "మామ్మగారికి బాగోలేదు" అని వ్రాస్తే రాత్రి వచ్చిన నర్సుకు ఏమీ తెలియదు. "ఉదయం రెండు ఇడ్లీలలో సగం తిన్నారు, పది గంటల నుండి మగతగా ఉన్నారు, మూత్రం ఒకమారే పోసినారు, నాడి 104" అని వ్రాస్తే తెలుస్తుంది.

డాక్టరుకు ఫోనులో చెప్పే మాట నాలుగు భాగాలుగా ఉండవలెను. ఇప్పుడు ఏమి జరుగుచున్నది, ఈ మనిషికి మునుపు ఉన్న జబ్బులు, మందులు ఏమి, కొలిచి చూచినవి ఎంత, ఇప్పుడు ఏమి కావలెను. ఈ పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో పుట్టి, అటుపై ఆసుపత్రులలోనికి వచ్చినది. చిన్న ఉద్యోగి పెద్ద అధికారికి జంకు లేకుండ, ఏదీ మరువకుండ సంగతి చెప్పుటకు అది ఉపకరిస్తుంది. పరిచారిక "నాకు అనుమానంగా ఉంది" అన్నప్పుడు దానిని కొట్టివేయని పై అధికారులు ఉండుట కూడ శిక్షణలో భాగమే. ఒకమారు కసరించబడిన పరిచారిక రెండవమారు ఫోను చేయదు.

7. తుఫాను, వరద వేళలు

దరియాలతిప్పవారికి నీటి భయం కొత్త కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించినారు. 2022 జూలైలో గోదావరి వరద యానాంలోని పల్లపు ప్రాంతాలను ముంచినది. నగరానికి వచ్చినంత మాత్రాన ఆ భయం తీరదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినది; 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినది.

కనుక తీరప్రాంతపు నివాసాలలో సిబ్బందికి వానాకాలానికి ముందే ఒక అభ్యాసం జరుపవలెను. నడువగలవారు ఎవరు, మోసికొని పోవలసినవారు ఎవరు, ఆక్సిజన్ మీద ఉన్నవారు ఎవరు, ఇన్సులిన్ వేసుకొనేవారు ఎవరు అన్న జాబితా తలుపు వెనుక ఉండవలెను. ప్రతి ఒక్కరికీ వారం రోజుల మందులు, మందుల పట్టిక నకలు, కుటుంబ సభ్యుల ఫోను నంబరు నీరు చొరని సంచిలో సిద్ధంగా ఉండవలెను. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలెను. గడ్డకట్టిన దానిని వాడరాదు. కరెంటు పోయి రెఫ్రిజిరేటరు ఆగినప్పుడు తడిబట్ట చుట్టిన మట్టికుండలో, మందుకు తడి తగలకుండ ఉంచితే వేడి నుండి కొంత రక్షణ దొరుకుతుంది.

8. కుటుంబం చేయవలసినది

శిక్షణ సిబ్బందికి మాత్రమే అని కుటుంబ సభ్యులు తలచరాదు. పెద్దవారి శరీరం గురించి కుటుంబానికి తెలిసినది సిబ్బందికి తెలియదు. చేర్చే రోజున ఒక పత్రం వ్రాసి ఇవ్వవలెను. అందులో జబ్బులు, మందులు, పడని మందులు, గతంలో జరిగిన ఆపరేషన్లు, కంటి అద్దాలు, వినికిడి యంత్రం, పళ్ళసెట్టు వివరాలు, ఉపవాస దినాలు ఉండవలెను. నొప్పి వస్తే ఏమి అంటారో, మూత్రానికి వెళ్ళవలెనంటే ఏ మాట వాడుతారో ఆ మాటలను స్థానిక లిపిలో అర్థంతో సహా చేర్చవలెను. ఇరవై మాటల పట్టిక చాలు. రాత్రివేళ ఫోనులో తెలుగు నుండి అనువదించి చెప్పగలిగిన బంధువు ఒకరి పేరు తప్పక ఉండవలెను. 70 సంవత్సరాలు నిండినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంటే దాని నకలు జతచేయవలెను.

నివాసాన్ని ఎన్నుకొనే ముందు అడుగవలసిన ప్రశ్నలు:

• రాత్రివేళ ఎందరు పరిచారకులు ఉంటారు? వారిలో శిక్షణ పొందినవారు ఎందరు?
• మందులు ఎవరు ఇస్తారు? పట్టికను కుటుంబానికి చూపుతారా?
• గడచిన ఆరు నెలలలో పరిచారకులకు ఏయే పాఠాలు జరిగినవి? కొత్తగా చేరినవారు ఎన్ని రోజులు అనుభవజ్ఞుల వెంట ఉండి పని నేర్చుకొంటారు?
• ఎవరైనా పడితే కుటుంబానికి ఎంతసేపటిలో తెలియజేస్తారు?
• తెలుగు తెలిసినవారు ఉన్నారా? లేనిచో ఏమి ఏర్పాటు?
• ఏ ఆసుపత్రికి తీసుకొని పోతారు? అది ఎంత దూరం?

నివాసానికి వెళ్ళినప్పుడు పరిచారిక పేరు అడిగి తెలుసుకొని, ఆమెకు రెండు తెలుగు మాటలు నేర్పి రావడం చిన్న పని. నెలకు నాలుగు మాటలు నేర్పితే ఏడాదికి పై పట్టిక అంతా ఆమెకు వచ్చేస్తుంది. వృద్ధులకు సంబంధించిన సమాచారం కొరకు, ఫిర్యాదుల కొరకు జాతీయ సహాయవాణి 14567 ఉన్నది. అత్యవసర వేళ 108 లేదా 112.

పునశ్చరణ

1. సహజస్థితి ముందుగా తెలియనిచో మార్పును గుర్తించుట ఎందుకు కష్టము?
2. సంధికి, మతిమరుపుకు తేడా ఏమి? రెండింటిలో ఏది అదే రోజు డాక్టరుకు చూపవలసినది?
3. ఉపవాసం ఉన్న పెద్దావిడకు ఎప్పటివలెనే ఇన్సులిన్ ఇచ్చినచో ఏమి జరుగవచ్చును?
4. "చలి వేస్తోంది" అన్న మాటను తమిళ పరిచారిక ఎట్లు పొరబడవచ్చును?
5. పాఠం మొదటి ఉదాహరణలోని పెద్దావిడ గురించి డాక్టరుకు ఫోనులో చెప్పవలసిన నాలుగు భాగాల మాటను వ్రాయండి. వ్రాసినది ఇంటిలో ఒకరికి వినిపించి, విన్నవారికి సంగతి అంతా అర్థమైనదో లేదో అడిగి చూడండి.
6. మీ ఇంటి పెద్దలు తమ బాధను చెప్పుటకు వాడే ఇరవై మాటలను ఈ ఆదివారం వారి ప్రక్కన కూర్చొని, వారిని అడిగి వ్రాయండి.